బీలలో వద్దనడం వేరు, ఎక్కడా వద్దనడం వేరు

శ్రీకాకుళం జిల్లాలో పవర్ ప్లాంటు అన్న మాట ఎత్తితే జనానికి ముందు గుర్తొచ్చేది పోలీసు కాల్పులు. 2010 జులై 14న సోంపేట బీల దగ్గర, ఎనిమిది నెలలు తిరక్కుండానే 2011 ఫిబ్రవరి 28న సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలో. రెండు చోట్లా బొగ్గు ప్లాంట్లే, రెండూ 2,640 మెగావాట్ల లెక్కన అనుకున్నవే, రెండు చోట్లా ఊరివాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. అందుకే ఈ జిల్లాలో ఎవరైనా "మరి కరెంటు కావాలి కదా" అని మాట మొదలుపెడితే వినేవాళ్లకి చిరాకొస్తుంది, అది సహజం. ఇక్కడ చెప్పబోయేది ఆ రైతుల మీద ఫిర్యాదు కాదు. వాళ్లు ప్రాణాలొడ్డి సంపాదించిన గౌరవాన్ని పట్టుకెళ్లి కొవ్వాడ అణు విద్యుత్ కేంద్రానికీ, నీళ్లు పైకి తోడి కరెంటు దాచుకోవడానికి సాలూరు కొండల్లో అనుకున్న పంప్డ్ స్టోరేజీకీ, చివరికి హైటెన్షన్ లైన్లకీ కూడా ఒకే "వద్దు"ని అతికించే పర్యావరణవాదం మీద.

ముందు బీల సంగతి సరిగ్గా చెప్పుకోవాలి, తేడా అంతా అక్కడే ఉంది. బీల అంటే సోంపేట, కంచిలి, కవిటి మండలాల మధ్య నీళ్లు నిలిచే పల్లపు భూమి. వానాకాలంలో పైనుంచి దిగే నీళ్లన్నీ అందులో చేరతాయి, ఆ నీటి మీద చుట్టూ వరి పండుతుంది, చేపలు పడతారు, పశువులు మేస్తాయి, వేసవిలో చుట్టుపక్కల బావులు ఎండిపోకుండా నిలబడేది కూడా దానివల్లే. కాగితాల్లో మాత్రం అది పనికిరాని భూమిగా ఎక్కింది. రైతులు చెప్పింది ఒక్కటే, ఇది నీళ్లున్న నేల, వచ్చి చూడండి అని. కాల్పులు జరిగిన రోజే జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్లాంటుకిచ్చిన పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. అంటే వాళ్లు చెప్పింది నిజమని తేలింది, కాకపోతే తేలేసరికి శవాలు లేచాయి. కాకరాపల్లిది తంపర, అంటే చిత్తడి భూమి, దానికి దగ్గర్లోనే తేలినీలాపురం, ఏటా గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కట్టుకునే ఊరు. అక్కడా ప్లాంటు పనులు మొదలై సగంలో ఆగిపోయాయి.

ఈ రెండు చోట్లా "వద్దు" వెనకాల ఒక కారణం ఉంది, ఆ కారణానికి ఒక సర్వే నంబరుంది. ఫలానా పల్లంలో వద్దు, ఎందుకంటే ఇక్కడ నీళ్లున్నాయి, చేపలున్నాయి, మా పంట ఉంది. తప్పయితే కొలిచి చూపించొచ్చు, ఒప్పయితే ప్లాంటు ఇంకో చోటికి పోవాలి. అలాంటి అభ్యంతరం లేకపోతే కంపెనీలు ఎక్కడ పడితే అక్కడ తవ్వుతాయి, ఇందులో వాదనే లేదు. గొడవంతా తరవాత వచ్చిన రెండో రకం "వద్దు"తో. దానికి సర్వే నంబరు ఉండదు. బొగ్గు వద్దు పొగ వస్తుంది, అణు విద్యుత్ వద్దు రేడియేషన్ వస్తుంది, ఆనకట్ట వద్దు అడవి మునుగుతుంది, గాలిమర వద్దు పక్షులు చస్తాయి, సోలార్ పార్కు వద్దు భూమి పోతుంది. ఒక్కొక్కటీ విడిగా వింటే నిజమే అనిపిస్తుంది, ఎందుకంటే ప్రతిదాంట్లోనూ కొంత నిజం ఉంది. అన్నీ ఒకే నోటి నుంచి వచ్చినప్పుడు మాత్రం ఒక ప్రశ్న అడగాలి. మరి దేంతో?

సోంపేటలో ప్లాంటు ఆగింది. సోంపేటలో కరెంటు వాడకం ఆగలేదు. 2010-11లో దేశం మొత్తం మీద ఒక్కసారిగా ఇవ్వగలిగిన గరిష్ఠ కరెంటు సుమారు 1,10,000 మెగావాట్లు, 2024 మే 30న అది 2,50,000 మెగావాట్లు దాటింది. శ్రీకాకుళంలో మేడ మీద ఏసీ, పొలంలో మోటారు, ఇచ్ఛాపురం దాకా పరిగెత్తే రైళ్లు, జీడిపప్పు ఫ్యాక్టరీలు, సెల్‌ఫోన్ ఛార్జర్లు అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఈ కరెంటులో నూటికి సుమారు 70 పాళ్లు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తోంది. విశాఖ దగ్గర పరవాడలో 2,000 మెగావాట్ల సింహాద్రి ప్లాంటు ఒడిశాలోని తాల్చేరు నుంచి వచ్చే బొగ్గును రోజూ కాలుస్తోంది, ఆ బూడిద చెరువు పక్కనే ఊళ్లు బతుకుతున్నాయి. తాల్చేరులో గని దుమ్ము పీల్చేవాళ్లు వేరే ఉన్నారు. మన జిల్లాలో ప్లాంటు ఆగినంత మాత్రాన ఆ దుమ్ము తగ్గలేదు, అది ఇంకొకరి ముక్కులోకి పోతోంది. బీల రైతు ఈ లెక్కకి జవాబుదారీ కాదు, ఆయన తన నేల కాపాడుకున్నాడు. రాష్ట్రమంతా తిరిగి ఎక్కడా ఏదీ వద్దని చెప్పేవాళ్లు మాత్రం జవాబు చెప్పాల్సిందే.

బొగ్గు ఎంత చెడ్డదో పర్యావరణవాదులు చెప్పేది నిజంగా తక్కువే. 2,640 మెగావాట్ల ప్లాంటు ఏడాదిలో ఎక్కువ భాగం నడిస్తే సుమారు 1,850 కోట్ల యూనిట్లు వస్తాయి, దానికి మన దేశపు బొగ్గు అయితే కోటీ ఇరవై లక్షల టన్నుల దాకా కాల్చాలి, అందులో మూడో వంతు బూడిదగా మిగులుతుంది. అంటే ఏడాదికి 40 లక్షల టన్నుల బూడిద. ఎక్కడ పోస్తారు? వంద కోట్ల యూనిట్లకి బొగ్గు వల్ల, ముఖ్యంగా పొగ వల్ల, సగటున 24 మంది చనిపోతారని అంతర్జాతీయంగా వాడే లెక్క. అదే వంద కోట్ల యూనిట్లకి అణు విద్యుత్ లెక్క చెర్నోబిల్, ఫుకుషిమా రెండూ కలుపుకున్నా 0.03. గాలిమరలు 0.04, సోలార్ 0.02. మొదటిది వందల రెట్లు పైన ఉంది, మిగతా మూడూ ఒకే చోట ఉన్నాయి. యూనిట్‌కి బయటికొచ్చే కార్బన్ చూసినా అంతే, బొగ్గుది 820 గ్రాములు, అణు విద్యుత్‌ది 12 గ్రాములు. ఈ అంకెలు ఏ కంపెనీ కరపత్రంలోవో కావు, 820, 12 అన్నవి వాతావరణ మార్పు గురించి మాట్లాడేవాళ్లంతా నమ్మే ఐక్యరాజ్యసమితి కమిటీ 2014 నివేదికలోవే. వాతావరణం గురించి చెప్పేటప్పుడు ఆ కమిటీని నమ్మి, అణు విద్యుత్ దగ్గరికి వచ్చేసరికి అదే కమిటీ అంకెను పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఇక కొవ్వాడ. రణస్థలం మండలంలో సముద్రం ఒడ్డున ఆరు రియాక్టర్లు, ఒక్కోటి 1,208 మెగావాట్లు, మొత్తం 7,248. కేంద్రం 2009లో ఈ చోటుకి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. మొదట ఒక అమెరికా కంపెనీ రియాక్టర్లు అనుకున్నారు, తరవాత గుజరాత్‌లోని మీఠీ విర్దిలో పెట్టాల్సిన వెస్టింగ్‌హౌస్ రియాక్టర్లు ఇటు మళ్లించారు, 2017 మార్చిలో వెస్టింగ్‌హౌస్ దివాలా పిటిషన్ వేసింది. 2010లో పార్లమెంటు చేసిన అణు ప్రమాద పరిహార చట్టంలో యంత్రాలు అమ్మిన కంపెనీ మీద కూడా బాధ్యత పెట్టే సెక్షన్ 2025 దాకా ఉండేది, దానికి విదేశీ కంపెనీలు జంకాయి. ధర తెగలేదు. కొవ్వాడ ఇన్నేళ్లు ఆగడానికి పెద్ద కారణాలు ఇవీ. ఆందోళన చేసి ఆపేశామని చెప్పుకునేవాళ్లకి ఈ మాట రుచించదు, ఆందోళనల వల్లే దేశం వెనకబడిందని తిట్టేవాళ్లకీ రుచించదు. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి.

కానీ ఈ పదిహేనేళ్ల పైచిలుకు కాలంలో కొవ్వాడ, చుట్టుపక్కల ఊళ్ల జనానికి చెవిలో పోసింది ఏమిటి? పుట్టే పిల్లలు వంకరగా పుడతారు, చేపలు విషమవుతాయి, సునామీ వస్తే ఫుకుషిమా అవుతుంది. ఈ భయాలు ఒక్కొక్కటిగా చూద్దాం.

ఫుకుషిమాలో 2011 మార్చి 11న ముందు భూకంపం వచ్చింది, రియాక్టర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆగిన రియాక్టర్ కూడా చాలా రోజులు వేడిగానే ఉంటుంది, కట్టెల పొయ్యి ఆర్పినా నిప్పులు కణకణమంటున్నట్టు. ఆ వేడి తీయడానికి నీళ్లు తోడే మోటార్లు తిరగాలి, మోటార్లకి కరెంటు కావాలి, బయట కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లని సునామీ ముంచేసింది. అసలు ప్రమాదం అదీ. కొవ్వాడకి అనుకున్న వెస్టింగ్‌హౌస్ వాళ్ల ఏపీ1000 నమూనాలో రియాక్టర్ పైన పెద్ద నీళ్ల ట్యాంకు ఉంటుంది, కరెంటు లేకపోయినా, మనిషి చెయ్యి పెట్టకపోయినా మూడు రోజుల పాటు నీళ్లు కిందికి జారుతూ చల్లబరుస్తాయి. ఇది తప్పులు చెయ్యని యంత్రమని ఎవరూ అనక్కర్లేదు, ఫుకుషిమాలో తెగిన తాడు ఏదో ఆ తాడు మీద ఇది ఆధారపడదు అంతే. పైగా ఫుకుషిమాలో రేడియేషన్ వల్ల చనిపోయినట్టు జపాన్ ప్రభుత్వం ఒప్పుకున్నది ఒక్కరిని, 2018లో. ఊళ్లు ఖాళీ చేయించడంలో, ఆసుపత్రుల్లోంచి ముసలివాళ్లని హడావుడిగా తరలించడంలో, తరవాతి ఒత్తిడిలో ఆ ఒక్క రాష్ట్రంలోనే పోయినవాళ్లు రెండు వేల పైనే. భయానికి కూడా మనుషులు చనిపోతారు, దాన్ని పెంచేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

మన తీరంలోనే ఉదాహరణ ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు చెన్నై దగ్గర కల్పాక్కం అణు కేంద్రంలో సముద్రపు నీళ్లు పంపుహౌస్‌లోకి వచ్చాయి, నడుస్తున్న రియాక్టర్ సురక్షితంగా ఆగింది. టౌన్‌షిప్‌లో ఇళ్లల్లో ఉన్న మనుషులు సునామీకి చనిపోయారు, రేడియేషన్‌కి కాదు. అక్కడ మొదటి రియాక్టర్ 1983లో మొదలైంది, చుట్టూ మత్స్యకారుల ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి, వేటా సాగుతోంది. ఇంకో మాట, భావనపాడు నుంచి కళింగపట్నం మీదుగా భీమిలి దాకా మన ఒడ్డున ఉన్న నల్ల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియేషన్ వదిలే థోరియం ఉంది. అంటే రేడియేషన్ కొవ్వాడకి కొత్తగా ఓడెక్కి రాబోయే వస్తువు కాదు, మోతాదు ఎంత అన్నదే ప్రశ్న, మోతాదుని కొలవొచ్చు. ఇంకా చిత్రంగా అనిపించే సంగతి, మామూలుగా నడిచేటప్పుడు బొగ్గు ప్లాంటు బూడిదతో పాటు గాల్లోకి వదిలే యురేనియం, థోరియం వల్ల చుట్టుపక్కల వాళ్లకి తగిలే రేడియేషన్, సరిగ్గా నడిచే అణు కేంద్రం వల్ల తగిలే దానికన్నా తక్కువేమీ కాదని అమెరికా శాస్త్రవేత్తలు 1978లోనే చెప్పారు.

వ్యర్థం సంగతో? వెయ్యి మెగావాట్ల రియాక్టర్‌కి ఏడాదికి పాతిక, ముప్పై టన్నుల ఇంధనం చాలు. వాడేసిన ఇంధనం ప్రమాదకరమే, వేల ఏళ్లు జాగ్రత్త కావాలి. కానీ అది గట్టి పదార్థం, లెక్క తెలిసిన పదార్థం, నీళ్ల కొలనులో, తరవాత ఉక్కు, కాంక్రీటు పీపాల్లో కాపలాలో ఉంటుంది. 40 లక్షల టన్నుల బూడిదకి కాపలా ఎవరూ లేరు.

కొవ్వాడ మీద నిజంగా గట్టిగా అడగాల్సిన ప్రశ్న రేడియేషన్ గురించి కాదు, ధర గురించి. ఇదే ఏపీ1000 రియాక్టర్లు రెండు అమెరికాలో జార్జియా రాష్ట్రంలో కట్టారు, ఒకటి 2023 జులైలో, రెండోది 2024 ఏప్రిల్‌లో అందుబాటులోకి వచ్చాయి, అనుకున్న టైమ్‌కి ఏడేళ్లు ఆలస్యం, ఖర్చు రెండింతలు దాటి 3,000 కోట్ల డాలర్ల పైన తేలింది. అదే నమూనా చైనాలో చాలా తక్కువ ఖర్చుకి 2018లో నడవడం మొదలైంది. మరి మనకి ఏ ధరకి ఇస్తారు? యూనిట్ ఎంత పడుతుంది? ఆ భారం మనకి కరెంటు సరఫరా చేసే ఈపీడీసీఎల్ బిల్లులో ఎంత కనిపిస్తుంది? దేశీయంగా మనవాళ్లే కట్టే 700 మెగావాట్ల రియాక్టర్లు ఇక్కడ ఎందుకు పెట్టకూడదు? ఇవి అడిగితే ప్రభుత్వానికి చెమటలు పడతాయి. కానీ ఇవి అడగాలంటే అణు విద్యుత్ సరైన ధరకి వస్తే మంచిదే అని ఒప్పుకోవాలి, పర్యావరణవాదం అక్కడే ఆగిపోతుంది. అందుకే చేతిలో ఉన్న మంచి ప్రశ్న వదిలేసి భయం ఎత్తుకుంటుంది.

ఈలోపు కొవ్వాడ జనం పరిస్థితి ఏంటంటే, భూమి పోతుందో ఉంటుందో తెలీక ఇల్లు కట్టుకోలేరు, పడవ మీద అప్పు చేద్దామంటే ధైర్యం చాలదు. ఈ తీరం నుంచి మగవాళ్లు ఎప్పట్నించో గుజరాత్‌లో వెరావల్ బోట్ల మీదికి కూలికి పోతున్నారు. 2018 చివర్లో అలా పోయిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుని జైల్లో పెట్టింది, ఎక్కువమంది 2020 జనవరిలో గానీ ఇంటికి రాలేదు. ఇంటి ముందు సముద్రం పెట్టుకుని వేటకి అరేబియా సముద్రం దాకా పోవాల్సిన గతి ప్లాంటు వచ్చి తెచ్చింది కాదు, ప్లాంటు రాకముందే ఉంది. జెట్టీ లేదు, చల్లని గిడ్డంగి లేదు, పని లేదు. ఈ తీరాన్ని ఇలాగే ఉంచండి అనేవాళ్లు ఇలాగే అంటే ఎలాగో ఒకసారి చూడాలి.

సరే, అణు విద్యుత్ వద్దు, సోలార్ చాలు అంటారు. సోలార్ మంచిదే, ఎక్కడ వీలైతే అక్కడ పెట్టుకోవాల్సిందే, 2024లో వచ్చిన సూర్యఘర్ పథకంలో మూడు కిలోవాట్లకి 78,000 రూపాయల సబ్సిడీ కూడా ఇస్తున్నారు, డాబా ఉన్న ప్రతి ఇల్లూ వాడుకోవాలి. కానీ లెక్క వెయ్యాలి. ఒక మెగావాట్ సోలార్ ఏడాదికి సుమారు 17 లక్షల యూనిట్లు ఇస్తుంది, నేల మీద పెడితే నాలుగైదు ఎకరాలు తింటుంది. కొవ్వాడ ఆరు రియాక్టర్లు నడిస్తే ఏడాదికి 5,400 కోట్ల యూనిట్ల దాకా వస్తాయి. అన్ని యూనిట్లు సోలార్‌తో తేవాలంటే తక్కువలో తక్కువ లక్షా పాతిక వేల ఎకరాలు. కొవ్వాడకి అడిగింది రెండు వేల ఎకరాల పైచిలుకు. భూమి గురించి, రైతు గురించి బాధపడేవాళ్లు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి.

భూమి దొరికిందే అనుకుందాం. సోలార్ పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటి దాకా బాగా వస్తుంది, జనం కరెంటు ఎక్కువ వాడేది దీపాలు పెట్టే వేళకి. మధ్యాహ్నం మిగిలినదాన్ని రాత్రికి దాచాలి. దాచే పెద్ద మార్గాల్లో ఒకటి పంప్డ్ స్టోరేజీ, కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు, మధ్యాహ్నం చవక కరెంటుతో నీళ్లు పైకి తోడతారు, రాత్రి కిందికి వదిలి టర్బైన్ తిప్పుతారు. వంద యూనిట్లు పోస్తే డెబ్భై అయిదు, ఎనభై తిరిగొస్తాయి. బ్యాటరీలు కూడా చవకవుతున్నాయి, అవి రెండు మూడు గంటలకి బాగుంటాయి, పొడవైన రాత్రికీ మబ్బు రోజులకీ సరిపోయేంత దాచాలంటే ఇంకా ఖరీదే. సాలూరు ప్రాంతంలో కురుకుట్టి దగ్గర 1,200 మెగావాట్లు, కర్రివలస దగ్గర 1,000 మెగావాట్ల పంప్డ్ స్టోరేజీకి 2022లో రాష్ట్రం ఒక ప్రైవేటు కంపెనీకి ఒప్పుకుంది, అప్పటిదాకా విజయనగరం జిల్లాలో ఉన్న సాలూరు అదే ఏడాది పార్వతీపురం మన్యంలోకి పోయింది. దీనికీ వ్యతిరేకతే. ఇక్కడ కూడా రెండు రకాల "వద్దు"లు ఉన్నాయి, విడదీసి చూడాలి. గిరిజనులు అడిగేది గ్రామసభ తీర్మానం ఏది, మా పోడు భూమి ఎంత పోతుంది, మా ఊటగెడ్డలు ఏమవుతాయి అని. గిరిజన ప్రాంతాల్లో భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, గ్రామసభకి అధికారమిచ్చే పీసా చట్టం, ఆ ప్రాంతాల భూమిని ప్రైవేటు గనులకి ఇవ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, ఇన్ని ఉన్న ప్రాంతంలో ప్రైవేటు కంపెనీకి కొండ అప్పజెప్పే ముందు ఈ ప్రశ్నలకి జవాబు ఇవ్వకపోవడం ప్రభుత్వం తప్పే. పైగా పాత గాయం ఉంది. 1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం కరెంటు మొదలైంది, ఉత్తరాంధ్ర పట్టణాల్లో దీపాలు వెలిగాయి, ఊళ్లు మునిగిన గిరిజనుల గుడిసెల్లో మాత్రం ఎన్నో ఏళ్లు వెలగలేదు. ఆ అనుభవం ఉన్నవాళ్లు అనుమానించకుండా ఎలా ఉంటారు?

కానీ నగరంలో కూర్చుని బొగ్గు మానేయండి, సోలార్‌కి మారండి అని రాసేవాళ్లే ఆ సోలార్‌ని రాత్రికి దాచే చెరువుని కూడా వద్దంటే దానికి అర్థం లేదు. నష్టపరిహారం పెంచాలి అనొచ్చు, ప్రైవేటు కాకుండా ప్రభుత్వ సంస్థ జెన్‌కో చెయ్యాలి అనొచ్చు, ఈ కొండ కాదు ఆ కొండ అనొచ్చు. ఇవన్నీ జరిగే మాటలు. అసలు వద్దు అంటే మాత్రం రాత్రి ఏడింటికి పరవాడలో ఇంకో నాలుగు వ్యాగన్ల బొగ్గు ఎక్కువ కాల్చండి అని చెప్పినట్టే. జర్మనీ సంగతి కూడా చూడండి. 2011లో అణు విద్యుత్ వదిలేస్తామన్నారు, చివరి మూడు రియాక్టర్లు 2023 ఏప్రిల్ 15న ఆపారు, అదే ఏడాది జనవరిలో లిగ్నైట్ బొగ్గు గని కోసం ల్యుట్సెరాత్ అనే ఊరిని ఖాళీ చేయించారు. డబ్బున్న దేశం కాబట్టి తట్టుకుంది.

కరెంటు చాలకపోతే మునిగేది ఎవరో చూస్తే ఈ వాదన బరువు తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో రాష్ట్రంలో పరిశ్రమలకి పవర్ హాలిడే పెట్టారు, ఆపకుండా నడిచే ఫ్యాక్టరీలు సగం కరెంటుతోనే సరిపెట్టుకోవాలన్నారు. విజయనగరం జిల్లాలో గరివిడి, బొబ్బిలి వైపు ఉక్కు తయారీలో కలిపే లోహాలు చేసే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలున్నాయి, అలాంటి సిలికో మాంగనీస్ ఒక టన్ను తీయడానికి నాలుగు వేల యూనిట్ల దాకా పడుతుంది, అంటే ఖనిజం తరవాత అసలు ముడిసరుకు కరెంటే. రేటు పెరిగినా, కోత పడినా ఫర్నేసు ఆపేస్తారు, ఆపిన నెలలో కాంట్రాక్టు కూలీకి జీతం ఉండదు. ఆ మనిషి ఏ పర్యావరణ సభకీ రాడు, సాయంత్రం రైలెక్కి విశాఖో హైదరాబాదో పోతాడు.

ఉద్దానం చూడండి. కిడ్నీ జబ్బుతో దశాబ్దాలుగా నలిగిపోతున్న ప్రాంతం. ఒక్కసారి డయాలసిస్ అంటే సుమారు నాలుగు గంటలు, నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల శుద్ధి చేసిన నీళ్లు, ఆ శుద్ధికీ కరెంటే, మెషిన్‌కీ కరెంటే, వారానికి రెండు మూడు సార్లు, బతికినన్నాళ్లూ. హిరమండలం రిజర్వాయర్ నుంచి ఉద్దానానికి తెచ్చిన మంచినీళ్లు కూడా మోటార్లు తిరిగితేనే కుళాయిలోకి వస్తాయి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను జీడి, కొబ్బరి తోటల్ని నేలకూల్చిన తరవాత ఉద్దానంలో చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు రాలేదు, గుక్కెడు నీళ్లకి జనరేటర్ల చుట్టూ బిందెలు పెట్టుకుని నిలబడ్డారు. కరెంటు అంటే విలాసం, తగ్గించుకుని బతకాలి అని చెప్పే ఉపన్యాసం ఉద్దానంలో పనికిరాదు. మన దేశంలో తలసరి వాడకమే ఏడాదికి 1,400 యూనిట్ల దగ్గర ఉంది, ప్రపంచ సగటులో సగం కూడా కాదు. ఏజెన్సీలో ఇప్పటికీ కట్టెల పొయ్యి ముందు కూర్చునే ఆడవాళ్లు పీల్చే పొగ లెక్కలో పెడితే, దేశంలో ఆ పొగకి ఏటా పోయే ప్రాణాలు లక్షల్లో ఉన్నాయి. అక్కడ కరెంటు తక్కువవడం అంటే ప్రకృతికి దగ్గరవడం కాదు, ఊపిరితిత్తులు పాడవడం.

కాబట్టి ఉత్తరాంధ్రలో పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్లు చెయ్యాల్సిన పని చాలా ఉంది, ఇప్పుడు చేస్తున్న దానికన్నా కష్టమైన పని అది. బీల, తంపర లాంటి చిత్తడి నేలలన్నిటికీ ఇప్పుడే హద్దు రాళ్లు వేయించి, రికార్డుల్లో పనికిరాని భూమి అన్న మాట తీయించాలి, మళ్లీ ఎవరూ అటు చూడకుండా. సరుబుజ్జిలి వైపు మళ్లీ మళ్లీ వినిపించే థర్మల్ ప్లాంటు మాటకి బదులుగా ఏది కావాలో పేరు పెట్టి చెప్పాలి. కొవ్వాడలో మత్స్యకారులు అడిగే ప్రశ్న చాలా తేలిక, "మాకేటి?" అని. దానికి జవాబు కాగితం మీద ఉండాలి. ఊరు మారిస్తే సముద్రానికి ఎంత దూరంలో ఇల్లిస్తారు, వేటకి అడ్డు లేకుండా జెట్టీ ఎక్కడ కడతారు, ఐటీఐ చదివిన పిల్లలకి కాంట్రాక్టరు కింద రోజు కూలీయా, కంపెనీ ఉద్యోగమా. ఇంకోటి, రియాక్టర్‌ని చల్లబరిచిన నీళ్లు వేడిగా సముద్రంలోకి వస్తాయి, చేపకి అసలు ఇబ్బంది అది, రేడియేషన్ కాదు. ఒడ్డున కట్టే కొత్త థర్మల్ ప్లాంట్లకైతే వదిలే నీటి వేడి సముద్రపు నీటి కన్నా ఏడు డిగ్రీలకి మించకూడదని 1998 నుంచీ నిబంధన ఉంది. కొవ్వాడకి కూడా అంతకన్నా తక్కువ అంకె అడగొచ్చు. ఆ వేడి ఎవరు కొలుస్తారు, ఎన్ని గంటలకొకసారి కొలుస్తారు, కొలిచింది ఊళ్లో ఏ గోడ మీద రాస్తారు, మించితే రియాక్టర్ తగ్గించమని చెప్పే అధికారం ఎవరికి ఉంటుంది అన్నవన్నీ పునాది తియ్యకముందే రాయించుకోవాలి, ఇంకా పునాది తియ్యలేదు.